పాత బోటు... రొక్కమా, రుణమా?

*పింఛను డబ్బుతో నీళ్ల మీద కాపురం పెట్టాలన్నది ఎందరో అమెరికన్ల కోరిక. కొత్త బోటు అందనంత ఖరీదు. పాతది అందుతుంది. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.*

ఫ్లోరిడా పడమటి తీరంలో ఒక బోట్ల యార్డు. పొద్దున్న ఎనిమిదింటికే ఎండ చురుక్కుమంటోంది. నాలుగు చక్రాల మీద కదిలే పెద్ద క్రేను, రెండు వెడల్పాటి పట్టీలతో నలభై అడుగుల బోటును నీళ్లలోంచి పైకి లేపింది. 1980ల్లో తైవాన్‌లో తయారైన ట్రాలర్ అది. పేరు ట్రాలరే గానీ చేపల వేటకు వెళ్లేది కాదు. లోపల రెండు పడకగదులు, ఒక వంటిల్లు, స్నానాల గది. అడుగున పట్టిన నాచులోంచి నీళ్లు కారుతున్నాయి.

సర్వేయర్ చేతిలో చిన్న సుత్తి ఉంది. బోటు పొట్ట మీద జానెడుకో దెబ్బ వేసుకుంటూ నడుస్తున్నాడు. టక్, టక్, టక్. ఒకచోట ‘టక్’ కాస్తా ‘దబ్’ అయింది. ఆగి మళ్లీ కొట్టాడు. మళ్లీ దబ్‌మంది. జేబులోంచి సుద్దముక్క తీసి ఆ మేర సున్నా చుట్టి ముందుకు కదిలాడు.

కొనబోయే దంపతులు పది అడుగుల దూరంలో నిలబడి చూస్తున్నారు. ఇద్దరూ అరవై దాటినవాళ్లే. ఆయన స్కూలు టీచరుగా, ఆమె నర్సుగా చేసి రిటైరయ్యారు. బేరం అరవై వేల డాలర్ల దగ్గర తెగింది. ఆ డబ్బు వాళ్ల దగ్గర లేకపోలేదు. దాచుకున్నది తీసి ఇచ్చేయాలా, బ్యాంకు దగ్గర అప్పు చేయాలా అన్నది మాత్రం ఇంట్లో ఇంకా తెగలేదు. సుద్దతో సున్నా పడ్డ ప్రతిసారీ ఆమె భర్త వైపు చూస్తోంది. ఆయన సుత్తి వైపు చూస్తున్నాడు.

రిటైరైనవాళ్లు నలుగురు చేరిన ప్రతి మెరీనాలోనూ ఇప్పుడిదే చర్చ. కారణం వడ్డీ. 2022 మార్చి దాకా అమెరికా ఫెడరల్ రిజర్వ్ వడ్డీరేటు సున్నాకు ఆనుకుని ఉండేది. 2023 జులైకల్లా 5.25–5.50 శాతానికి ఎక్కింది. అప్పు చౌకగా దొరికిన రోజుల్లో ‘మన డబ్బు మార్కెట్లో పెరగనీ, బోటుకు బ్యాంకు డబ్బు వాడదాం’ అన్న వాదనకు ఎదురుండేది కాదు. ఆ ధీమా ఇప్పుడు సడలింది.

నలభై ఏళ్లయినా చావని పడవలు

అసలు నలభై ఏళ్ల బోటు ఇంకా అమ్మకానికి ఉండటమే ఒక విశేషం. చెక్కపడవలకు పుచ్చిపోయే గుణముంది. ఫైబర్‌గ్లాస్‌కు అది లేదు. 1959లో వరుసకు సోదరులైన ఇద్దరు పియర్సన్‌లు న్యూయార్క్ బోట్ షోలో ‘ట్రైటన్’ అనే 28 అడుగుల తెరచాప పడవను జనం ముందు పెట్టారు. ఫైబర్‌గ్లాస్‌తో కుటుంబం పడుకుని ప్రయాణించగలిగే పడవను పెద్ద ఎత్తున తయారుచేయొచ్చని తేల్చిన వాటిలో అదొకటి. తర్వాతి ముప్పై ఏళ్లలో అలాంటి బోట్లు కుప్పతెప్పలుగా తయారయ్యాయి. వాటి తొలి యజమానులు చాలామంది పోయారు. బోట్లు మిగిలాయి.

వాటిని కొనేవాళ్లలో రిటైరైనవాళ్లు ఎక్కువ కావడానికి ‘గ్రేట్ లూప్’ ఒక కారణం. అట్లాంటిక్ తీరం వెంబడి పైకి వెళ్లి, హడ్సన్ నదిలోంచి కాలువల మీదుగా మహా సరస్సులకు, అక్కణ్నుంచి ఇల్లినాయ్, మిసిసిపీ, టెన్నెసీ నదులగుండా గల్ఫ్ తీరానికి దిగే జలప్రదక్షిణ. దారిని బట్టి దాదాపు ఆరువేల మైళ్లు. తీరుబడిగా చేస్తే ఏడాది పడుతుంది. ఉద్యోగం చేసుకునేవాడికి ఏడాది సెలవు ఎవరిస్తారు? చికాగో దిగువన పైకి లేవని రైలు వంతెన ఒకటి అడ్డుంటుంది. దాని కింద ఖాళీ ఇరవై అడుగుల లోపే. తెరచాప కొయ్య దింపుకోకపోతే పడవ పట్టదు. అందుకే ఆ దారిలో పాత ట్రాలర్లకు అంత గిరాకీ.

ధర వేరు, మేత వేరు

అరవై వేల డాలర్లంటే ఒక మంచి పికప్ ట్రక్కు ఖరీదు. ఆ డబ్బుకు సముద్రం మీద ఇల్లు వస్తోందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. అయితే మెరీనాలో నిలుపుకునే అద్దె బోటు ధరను బట్టి ఉండదు, పొడవును బట్టి ఉంటుంది. ఆరు లక్షల డాలర్ల కొత్త బోటూ, అరవై వేల పాత బోటూ రెండూ నలభై అడుగులవే అయితే రెండింటికీ అద్దె ఒకటే. నీళ్లలోంచి ఎత్తినా, అడుగున నాచు పట్టకుండా రంగు వేసినా అడుగుల లెక్కే. ఏటా బోటు ధరలో పదోవంతు ఖర్చుకు పక్కన పెట్టుకోవాలని ఒక వాడుక లెక్క ఉంది. పాత బోటు దగ్గర ఆ లెక్క పనిచేయదు. ధర తరిగింది గానీ బోటు పొడవు తరగలేదు కదా!

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 1970లు, 80ల్లో తైవాన్ నుంచి వచ్చిన ట్రాలర్లలో చాలావాటికి డీజిల్ ట్యాంకులు మామూలు ఉక్కువి. వాటి పైన టేకు చెక్కల డెక్కు. ఆ చెక్కలను వందలాది మరలతో బిగించారు. ఏళ్లు గడిచేకొద్దీ మర ఉన్న ప్రతి చిల్లులోంచీ వాననీరు కొద్దికొద్దిగా దిగింది. దిగిన నీరు ట్యాంకు నెత్తిన నిలిచింది. ట్యాంకు పైనుంచి తుప్పుపట్టి, ఒకరోజు ఇంజిన్ కింది గుంటలో డీజిల్ వాసన మొదలవుతుంది. కొత్త ట్యాంకు పెట్టాలంటే పాతది బయటికి రావాలి. అది వచ్చే దారి లేదు, ఎందుకంటే ముందు ట్యాంకులు పెట్టి తర్వాత పైన ఇల్లు కట్టారు. ముక్కలుగా కోసి తీయాలి. కొన్నిసార్లు ఇంజిన్‌నే పక్కకు జరపాలి. పాపం, ఆ ఇంజిన్ తప్పేమీ ఉండదు. ఆ కాలపు ట్రాలర్లలో ఎక్కువగా కనిపించే ఫోర్డ్ లేమన్ డీజిల్, లారీ ఇంజిన్‌ను సముద్రానికి మలిచినది. నూనె మారుస్తూ ఉంటే దశాబ్దాలు నడుస్తుంది.

చచ్చినా ఏనుగుకు వెయ్యి వరహాలంటారు మనవాళ్లు. బోటు అలా కాదు. చచ్చిన ఫైబర్‌గ్లాస్ బోటును కోసి చెత్తకు తరలించడానికి అడుగుకు వందల డాలర్ల లెక్కన యజమానే ఎదురివ్వాలి.

> ■ సర్వే రోజున ఏం చూస్తారు?
> సుత్తి శబ్దంతో పొరల మధ్య ఖాళీలు. తేమ మీటరుతో డెక్కు లోపలి బాల్సా చెక్క నానిందా లేదా అన్నది. ఇంజిన్ నూనె నమూనా ల్యాబ్‌కు పంపి అందులో లోహపు రజను. తర్వాత నీళ్లమీద నడిపి చూడటం. తెరచాప పడవైతే కొయ్యను నిలిపే ఉక్కు తీగల వయసు. ఎస్‌ఏఎంఎస్, ఎన్‌ఏఎంఎస్ అనే వృత్తి సంఘాల గుర్తింపున్న సర్వేయర్ల నివేదికనే బ్యాంకులు, బీమా సంస్థలు అడుగుతాయి. సర్వేయర్‌ను పెట్టుకుని ఫీజు కట్టేది కొనేవాడే.

బ్యాంకు చూసేది మీ వయసు కాదు

‘ఈ వయసులో నాకెవరిస్తారండీ అప్పు’ అని చాలామంది ముందే నీరుగారిపోతారు. నిజానికి రుణ సమాన అవకాశాల చట్టం ప్రకారం వయసు ఎక్కువైందని అమెరికాలో అప్పు నిరాకరించకూడదు. పింఛను, సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ భృతి, రిటైర్మెంటు ఖాతా నుంచి క్రమంగా తీసుకునే డబ్బు అన్నీ ఆదాయం కిందే లెక్క.

బ్యాంకు వయసు అడిగేది బోటుది. చాలా సంస్థలు ఇరవై ఏళ్లు దాటిన బోటును ముట్టుకోవు. ముట్టుకునేవి వడ్డీ ఎక్కువేస్తాయి, గడువు తగ్గిస్తాయి, చేతినుంచి పెట్టాల్సింది పెంచుతాయి. తాకట్టుగా ఉన్న వస్తువు పదేళ్ల తర్వాత ఎంతకు పోతుందో చెప్పలేని చోట అప్పిచ్చేవాడు ఇలాగే ఆలోచిస్తాడు. ఈ తిరస్కారాన్ని అవమానంగా తీసుకునేవాళ్లను చూస్తుంటాం. నా మటుకు అది ఉచితంగా దొరికిన సలహా. వడ్డీ తినడమే వ్యాపారంగా ఉన్నవాడే ‘ఈ బోటు మీద నా డబ్బు పెట్టను’ అంటుంటే, జీవితాంతం కూడబెట్టిన సొమ్ము పెట్టేముందు మనం ఎంత ఆలోచించాలి?

నెలకు 609 డాలర్లు

అప్పు దొరికిందనుకుందాం. అరవై వేలు, తొమ్మిది శాతం వడ్డీ, పదిహేనేళ్లు. నెలకు 609 డాలర్లు. వినడానికి తేలిగ్గానే ఉంది. మొత్తం కట్టేది లక్షా తొమ్మిది వేల పైచిలుకు. అందులో వడ్డీ 49,500.

ఇంతకన్నా గుచ్చుకునే లెక్క మధ్యలో ఉంది. అయిదేళ్లు క్రమం తప్పకుండా కట్టాక, అంటే 36,500 డాలర్లు చెల్లించాక, ఇంకా మిగిలే అసలు 48,000. అరవై ఏడేళ్లకు మొదలుపెట్టినాయనకు అప్పటికి డెబ్భై రెండు. మోకాళ్లు మొరాయిస్తాయి, లేదంటే మనవళ్ల దగ్గరికి వెళ్లిపోవాలనిపిస్తుంది. బోటు అమ్మకానికి పెడితే 35 వేలకు అడుగుతారు. బోటు వదిలించుకోవడానికి జేబులోంచి పదమూడు వేలు కట్టాలి. విసిగి వాయిదాలు ఆపేస్తే బ్యాంకు బోటును పట్టుకెళ్లి వేలం వేస్తుంది. వేలంలో తక్కువ పడింది సాధారణంగా తీసుకున్నవాడే భరించాలి. బోటు పోతుంది గానీ అప్పు పోదు.

అప్పుతో పాటు షరతులూ వస్తాయి. బోటు పూర్తి విలువకు బీమా ఉండాలి. పరిహారం వస్తే ముందు బ్యాంకుకు చేరాలి. ఫ్లోరిడాలో జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా తుపాను కాలం. ఆ ఆర్నెల్లు బోటును ఫలానా రేఖకు ఉత్తరాన ఉంచాలని చాలా పాలసీలు షరతు పెడతాయి. 2022 సెప్టెంబరులో ఇయన్ తుపాను ఫోర్ట్ మయర్స్‌లో బోట్లను ఎత్తి వీధుల్లో, ఇళ్ల మధ్య కుప్పపోసింది. ఆ ఫొటోలు చూసినవాళ్లకు బీమా సంస్థల భయం అర్థమవుతుంది. రొక్కమిచ్చి కొన్నవాడు మూడోవ్యక్తికి జరిగే నష్టం వరకే బీమా తీసుకుని సరిపెట్టుకోవచ్చు. ఆ రిస్కు తనది.

> ■ బోటే రెండో ఇల్లు!
> పడుకునే చోటు, వంట వసతి, మరుగుదొడ్డి ఉంటే అమెరికా ఆదాయపు పన్ను శాఖ బోటును ‘రెండో ఇల్లు’గా ఒప్పుకుంటుంది. దాన్ని తాకట్టుపెట్టి తీసుకున్న అప్పు వడ్డీని ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు. అమ్మేవాళ్లు ఈ మాట తప్పకుండా చెవిన వేస్తారు. చెప్పనిది ఒకటుంది: ఖర్చులన్నీ విడివిడిగా చూపేవాళ్లకే ఇది వర్తిస్తుంది. దంపతులకు 2025 సంవత్సరానికి ప్రామాణిక మినహాయింపే 31,500 డాలర్లు. ఇంటి అప్పు తీరిపోయిన రిటైర్డ్ జంటల్లో ఎక్కువమందికి ఈ రాయితీతో ఒరిగేదేమీ ఉండదు.

రొక్కానికీ ఖరీదుంది

అయితే రొక్కమే మేలా? ‘అప్పుచేసి పప్పుకూడు’ అని వెక్కిరించే సంస్కృతిలో పెరిగిన మనకు ఆ జవాబు తేలిక. కానీ ఆ రొక్కం ఎక్కణ్నుంచి వస్తుందన్నది చూడాలి. బ్యాంకు ఖాతాలో ఊరికే పడి ఉన్నదైతే పేచీ లేదు. చాలామంది కూడబెట్టింది మాత్రం రిటైర్మెంటు ఖాతాల్లో ఉంటుంది. వాటిలో ఒకటైన సంప్రదాయ ఐఆర్ఏ లోంచి తీసే ప్రతి డాలరూ ఆ ఏడాది ఆదాయమే. 22 శాతం శ్లాబులో పడేవాళ్లకు అరవై వేలు చేతికి రావాలంటే దాదాపు 77 వేలు తీయాలి. పదిహేడు వేలు ఫెడరల్ పన్నుకే సరి. ఆ పన్ను ఎప్పటికైనా కట్టాల్సిందే కదా అనొచ్చు. నిజమే. ఏటా కొంచెం తీసుకుంటే 12 శాతంతో పోయేది, ఒక్కసారి తీస్తే 22 శాతంతో పోతుంది. తేడా అక్కడ.

ఇంకో పోటు రెండేళ్లు ఆలస్యంగా వస్తుంది. మెడికేర్ (పెద్దవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) ప్రీమియాన్ని రెండేళ్ల కిందటి ఆదాయం చూసి నిర్ణయిస్తారు. 2025లో అందులోని పార్ట్ బి మామూలు ప్రీమియం నెలకు 185 డాలర్లు. 2023లో దంపతుల ఆదాయం 2,12,000 దాటి ఉంటే అది 259 అయింది, అదీ తలకు. బోటు కోసం ఒక్కసారే ఎక్కువ తీశామని మొరపెట్టుకున్నా వినరు. ఉద్యోగం మానడం, జీవిత భాగస్వామి మరణం లాంటివే వాళ్లు వినే కారణాలు. కాబట్టి తెలివైనవాళ్లు సగం డిసెంబరులో, సగం జనవరిలో తీస్తారు. రెండు పన్ను సంవత్సరాల మధ్య బరువు సర్దుకుంటుంది. మొదట చిన్న అప్పు తీసుకుని, రెండు మూడేళ్లలో ఐఆర్ఏ నుంచి మెల్లగా తీసి తీర్చేసేవాళ్లూ ఉన్నారు. ముందే తీర్చినందుకు జరిమానా లేదని కాగితంలో ఉంటే ఇది మంచి దారే. రిటైరయ్యాక అప్పు చేయడం నాకు ఒప్పు అనిపించేది ఈ ఒక్క సందర్భంలోనే: కావాలంటే రేపే మొత్తం తీర్చగలిగినవాడికి.

ఇల్లు తాకట్టు పెట్టి బోటు కొనడం సంగతి రెండు ముక్కల్లో ముగించొచ్చు. వడ్డీ కాస్త తక్కువ పడుతుంది. బోటు వయసు ఎవరూ అడగరు. కానీ చాలావరకు ఆ వడ్డీరేటు మారుతూ ఉంటుంది, కట్టలేకపోతే పోయేది ఇల్లు. మునిగే గుణమున్న వస్తువు కోసం మునగని దాన్ని పందెం కాయడం నాకు మింగుడుపడదు.

లేక్ లేనియర్ ఒడ్డున మనవాళ్లు

1965 వలస చట్టం తలుపు తీశాక అమెరికా వెళ్లిన తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు ఇప్పుడు డెబ్భై, ఎనభైల్లో ఉన్నారు. 2000 ముందు వెనకల సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లినవాళ్లు రిటైర్మెంటు అంచున ఉన్నారు. అట్లాంటాకు ఉత్తరాన కమింగ్‌లో తెలుగు ఇళ్లకు కూతవేటు దూరంలో లేక్ లేనియర్. డాలస్ పక్క ఫ్రిస్కో వాళ్లకు లేక్ లూయిస్‌విల్. వీకెండ్‌లో స్నేహితుడి పాంటూన్ బోటు మీద పులిహోర తిన్నవాడికి, ఆ సాయంత్రమే ‘మనమూ ఒకటి తీసుకుంటే?’ అన్న పురుగు తొలవడం సహజం.

మన ఇళ్లల్లో ఈ చర్చ ఇంకో మలుపు తిరుగుతుంది. ‘ఏవండీ, మియాపూర్ ప్లాటు ఊరికే పడుంది కదా, అది అమ్మితే?’ అని ఆవిడ అనొచ్చు. అమ్మొచ్చు. మూలధన లాభం మీద ఇక్కడ పన్ను కట్టి, సీఏ సర్టిఫికెట్ పెట్టి, ప్రవాసుల ఎన్ఆర్ఓ ఖాతా నుంచి ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. అదే లాభాన్ని అమెరికా రిటర్నులోనూ చూపాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ తగ్గింపు ఇస్తారు గానీ కాగితాల పని బోటు పనికన్నా తక్కువేం కాదు. పెరిగే నేలను అమ్మి తరిగే పడవ కొనాలా అన్నది వేరే పంచాయితీ. దానికి మాత్రం ఆవిడ మాటే చెల్లాలని నా అభిప్రాయం.

గ్రీన్‌కార్డు మీద ఉన్నవాళ్లు గమనించాల్సింది ఒకటుంది. పెద్ద బోట్ల అప్పులకు బ్యాంకులు తరచూ కోస్ట్‌గార్డ్ రిజిస్ట్రేషన్ అడుగుతాయి. తాకట్టు అందులోనే నమోదవుతుంది. అయిదు నెట్ టన్నులకు తగ్గని బోటుకే ఆ రిజిస్ట్రేషన్. వ్యక్తుల పేరు మీదైతే అమెరికా పౌరులకే ఇస్తారు. మిగతావాళ్లు రాష్ట్ర ప్రభుత్వ టైటిల్‌తో సరిపెట్టుకోవాలి. ఆ మేరకు అప్పిచ్చేవాళ్లూ తగ్గుతారు.

ఒకరే మిగిలితే

లెక్కల కాగితాల్లో ఎక్కడా కనిపించని వరుస ఇది. దంపతుల్లో ఒకరు పోతే రెండు సోషల్ సెక్యూరిటీ చెక్కుల్లో పెద్దది మాత్రమే మిగులుతుంది, చిన్నది ఆగిపోతుంది. బోటు వాయిదా మాత్రం ఆగదు. కాగితం మీద ఇద్దరి సంతకాలూ ఉంటే ఆ అప్పంతా మిగిలినవారిదే. చాలా జంటల్లో బోటు నడపడం, డీజిల్ ఫిల్టరు మార్చడం, రేవులో ఆనించడం ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ పోయాక మిగిలినవారికి అది నెలనెలా బిల్లులు పంపే చోటు. దుఃఖంలో ఉన్నవాళ్లు బేరమాడలేరు. బ్రోకర్లకు ఆ సంగతి తెలుసు, కొనేవాళ్లకూ తెలుసు.

రొక్కమిచ్చి కొన్న బోటైతే నష్టానికైనా వదిలించుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. ధర్మసంస్థకు ఇచ్చేయొచ్చు కూడా. అప్పు మీద ఉన్నదాన్ని అప్పు తీరేంత ధర పలికేవరకూ, లేదా తేడా తాను భరించేవరకూ వదిలించుకోలేరు. పాత బోటు విషయంలో నేను రొక్కం వైపే మొగ్గడానికి వడ్డీ శాతాలకన్నా ఇదే పెద్ద కారణం. దానికో హద్దు కూడా ఉంది: ఆ రొక్కం మొత్తం నీళ్లపాలైనా ఇంటి ఖర్చులకు, ఆసుపత్రి ఖర్చులకు ఇబ్బంది రాకూడదు. అరవై వేలున్నవాడు అరవై వేల బోటు కొనకూడదు. ముప్పై అయిదు వేలది కొని, మిగతా పాతిక వేలు ట్యాంకులకూ, తీగలకూ అట్టిపెట్టుకోవాలి.

మీకు మీరే బ్యాంకు

అప్పు లేకుండా కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఒకచోట. బ్యాంకు ఉంటే సర్వే చేయించమంటుంది, బీమా ఖాయమయ్యాకే డబ్బు వదులుతుంది, బోటు మీద పాత తాకట్టేమైనా ఉందా అని రికార్డులు తిరగేస్తుంది. రొక్కమిచ్చేవాడిని ఎవరూ ఏమీ అడగరు. అమ్మేవాడి చిరునవ్వు చూసి చెక్కు రాసేస్తాడు. ఆర్నెల్ల తర్వాత పాత యజమాని చేసిన మరమ్మతుల బాకీ కోసం యార్డువాడు బోటును ఆపేస్తే అప్పుడు తెల్లబోతాడు. బ్యాంకు చేసే పనులన్నీ వరసగా ఆయనే చేసుకోవాలి. కోస్ట్‌గార్డ్‌లో నమోదైన బోటైతే పుట్టినప్పటినుంచి ఎన్ని చేతులు మారిందో, ఏ తాకట్టు ఉందో చూపే పత్రం అడిగితే ఇస్తారు. బీమా సంస్థతో ముందే మాట్లాడాలి. కొన్నాక అడిగితే, ఇంత పాతదానికి ఇవ్వమనేవాళ్లే ఎక్కువ తగులుతారు.

సర్వే, క్రేను, మెకానిక్, నూనె పరీక్ష అన్నీ కలిపి రెండు మూడు వేల డాలర్లవుతాయి. నివేదిక బాగోలేక బేరం వదులుకుంటే ఆ ఖర్చు తిరిగి రాదు. బయానా మాత్రం తిరిగొస్తుంది. బ్రోకర్ల ఒప్పందాల్లో సాధారణంగా ధరలో పదిశాతం బయానా, సర్వే తర్వాత ‘అంగీకార తేదీ’ ఒకటి ఉంటాయి. ఆ తేదీలోపు మూడు పనులు చేయొచ్చు: ఒప్పుకోవడం, మరమ్మతుల లెక్క చూపి ధర తగ్గించమనడం, వద్దని రాసివ్వడం. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు చదవాల్సింది ఆ పేరానే. ఏమీ రాయకుండా తేదీ దాటిపోతే కొన్ని ఒప్పందాల్లో వద్దన్నట్టు లెక్క, కొన్నింట్లో ఒప్పుకున్నట్టు లెక్క.